లైకుల టెన్షన్ లేకుండా మళ్లీ ఫొటోలు తీయడం ఎలా? 30 రోజుల పద్ధతి

"అన్నా, కెమెరా బ్యాగ్ జిప్పు తీసి మూడు నెలలైంది. తీయాలనే అనిపించడం లేదు." వారానికి ఒకరైనా నాకు ఈ మాట రాస్తారు. ఒకరు "ఎంత కష్టపడి తీసినా రీచ్ రావడం లేదు" అంటారు. ఇంకొకరు "నాతో పాటు మొదలుపెట్టినవాడికి యాభై వేల ఫాలోవర్లు, నేను మాత్రం అక్కడే ఉన్నాను" అని బాధపడతారు. పెళ్లిళ్లు తీసే కుర్రాడొకడు "వ్యూఫైండర్‌లో కన్ను పెట్టగానే ఇది రీల్‌కి పనికొస్తుందా అనే ఆలోచనే వస్తోంది" అన్నాడు. అందరికీ విడివిడిగా జవాబులు రాస్తూ వచ్చాను. నేను చేసి చూసి, తెలిసినవాళ్లతో చేయించిన పద్ధతిని ఇప్పుడు ఒకేచోట పెడుతున్నాను.

అసలు సంగతి ఇది. ఫొటో తీయడం ఒక పని, దాన్ని నలుగురిలో పెట్టడం ఇంకో పని. ఫోన్ వచ్చాక ఈ రెండూ అతుక్కుపోయాయి. కింద చెప్పేవన్నీ వాటిని మళ్లీ విడదీయడానికే. అకౌంట్ మూసేయమని ఎక్కడా చెప్పను.

ఇంకో మాట ముందే తెలుసుకోండి. ఇన్‌స్టాగ్రామ్ 2010లో చదరపు ఫొటోల యాప్‌గా వచ్చింది. 2016లో పోస్టులను టైమ్ వరసలో కాకుండా తన లెక్క ప్రకారం చూపించడం మొదలుపెట్టింది. మన దేశంలో టిక్‌టాక్ ఆగిపోయిన కొద్ది రోజులకే, 2020 జూలైలో, రీల్స్ వచ్చాయి. 2021లో దాని అధిపతి ఆడమ్ మొస్సేరి, మాది ఇక ఫొటోలు పంచుకునే యాప్ కాదని తనే చెప్పాడు. కొట్టువాడు అమ్మే సరుకు మార్చేశాడు. మీ రీచ్ పడిపోవడానికి అది పెద్ద కారణం. దాన్ని మీ చేతిపని మీద వేసుకోకండి.

ఏమేం కావాలి

- మీ దగ్గర ఇప్పుడున్న కెమెరా. ఫోన్ అయినా సరే. ఈ 30 రోజుల్లో కొత్త లెన్స్ కొనొద్దు.
- జేబులో పట్టే నోట్‌బుక్, పెన్ను.
- కంప్యూటర్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో "ఆగాలి" అనే పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్.
- ఇరవై 4×6 ప్రింట్లకు సరిపడా డబ్బు.
- 30 రోజులు. ఊరి జాతర, ఇంట్లో పెళ్లి లాంటివి మధ్యలో పడకుండా చూసుకోండి. అలాంటప్పుడు "ఇప్పుడే పెట్టు" అని చుట్టాలే వెంటపడతారు.

1. ముందు లెక్క చూసుకోండి

ఒక గంట కూర్చుని చివరగా తీసిన 200 ఫొటోలు తెరవండి. పోస్ట్ చేసినవి కాదు, తీసినవి. నోట్‌బుక్‌లో మూడు అంకెలు రాయండి. అడ్డంగా తీసినవి ఎన్ని? మీ ఇంటికి, మీ పనిచోటుకి దగ్గరలో తీసినవి ఎన్ని? ఎవరికీ చూపించే వీలు లేకపోయినా తీసేవాణ్ణే అనిపించేవి ఎన్ని?

మొదటి అంకె ఎందుకంటారా? ఫోన్ స్క్రీన్ నిలువుగా ఉంటుంది. నిలువుగా ఉండే 4:5 ఫొటో దాంట్లో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కాబట్టి బొటనవేలు ఆగే అవకాశం ఎక్కువ. అలా మనకి తెలియకుండానే కెమెరా నిలువుకి తిరిగిపోతుంది. నా స్నేహితుడొకడి కార్డులో 200కి 11 మాత్రమే అడ్డం ఫొటోలు కనిపించాయి. వాడు తీసేది చెరువులు. అంత పొడుగు గట్టునీ, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వరసగా ఉన్న తాటిచెట్లనీ నిలువు ముక్కలు చేసి తీస్తున్నాడు. నేను చూపించేదాకా వాడు గమనించనే లేదు.

ఈ అంకెలు దాచండి. 30వ రోజు మళ్లీ అవసరం.

2. అంకెలు కంటపడకుండా చేయండి

ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో లైక్, షేర్ కౌంట్లు దాచే ఆప్షన్ 2021 నుంచి ఉంది. ఆన్ చేయండి. అది ఇతరుల పోస్టుల మీది అంకెలు దాస్తుంది. మీ పోస్టులకైతే ఒక్కో పోస్టు మీది మూడు చుక్కలు నొక్కి విడిగా దాచాలి.

ఇక్కడ చాలామంది మోసపోతారు. మీ పోస్టుకి కౌంట్ దాచినా అది ఇతరులకే కనపడదు, మీరు నొక్కితే మీకు కనపడుతూనే ఉంటుంది. అందుకని నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి లైకుల నోటిఫికేషన్ పూర్తిగా ఆపేయండి. కామెంట్లు, మెసేజ్‌లు ఉండనివ్వండి, వాటిలో మనుషులుంటారు.

వాట్సాప్ స్టేటస్‌ని మర్చిపోకండి. "ఎవరెవరు చూశారు" అనే లిస్టు లైకుల కన్నా ఎక్కువ పీడిస్తుంది, ఎందుకంటే అందులో బావమరిది పేరుంటుంది, ఆఫీసువాళ్ల పేర్లుంటాయి. ప్రైవసీలో రీడ్ రిసీట్స్ ఆఫ్ చేస్తే ఆ లిస్టు మీకు కనపడదు. మీరు వాళ్ల స్టేటస్ చూసినట్టు వాళ్లకీ తెలియదు.

3. కెమెరాకీ ఫోన్‌కీ ఉన్న లంకె తెంచండి

వైఫైతో కెమెరాలోంచి ఫోన్‌కి ఫొటోలు లాగే యాప్ ఉంటుంది కదా, దాన్ని ఈ నెలకి తీసేయండి. ఫోన్‌తోనే తీసేవాళ్లయితే బయటికి వెళ్లేముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. అదీ కుదరదంటే కనీసం డేటా ఆపేయండి.

ఈ మెట్టు ఎందుకు తప్పనిసరో నాకు గుంటూరు దగ్గర ఉప్పలపాడులో తెలిసింది. చెరువు మధ్య చెట్ల మీద గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కడతాయి. పొద్దున్నే ఒక గూడబాతు ఎగిరొచ్చి వాలుతుంటే మంచి ఫ్రేమ్ పడింది. గట్టు మీదే కూర్చుని ఫోన్‌లోకి లాగాను, క్రాప్ చేశాను, పెట్టాను. మొదటి లైక్ వచ్చిందో లేదో అని తల వంచుకుని ఉన్నాను. పక్కనున్న ఊరి పిల్లాడు "సార్, సార్" అని భుజం తట్టాడు. తలెత్తేసరికి పిల్ల పక్షి తల్లి నోటి సంచిలోకి మెడ దాకా దూరి తిండి తీసుకోవడం అయిపోయింది. తల్లి రెక్కలు దులుపుకుంటోంది. ఆ పిల్లాడు మొత్తం చూశాడు. అక్కడికి దాని కోసమే వెళ్లిన నేను చూడలేదు.

4. తీసినదాన్ని 30 రోజులు ఆపండి

ఇంటికొచ్చాక కార్డులోంచి ఫొటోలన్నీ "ఆగాలి" ఫోల్డర్‌లో తేదీ పేరుతో వేయండి. బ్యాకప్ తీసుకోండి. ఎడిట్ చేయొద్దు, ప్రీసెట్ (రెడీమేడ్ రంగుల సెట్టింగ్) వేయొద్దు, ఎవరికీ పంపొద్దు.

అమెరికా వీధి ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ ఫిల్మ్ తీశాక ఏడాదికి పైగా కడిగేవాడు కాదు. తీసినప్పటి ఉత్సాహం చల్లారితేనే బొమ్మ ఎలా ఉందో తెలుస్తుందని ఆయన నమ్మకం. 1984లో ఆయన పోయేనాటికి దాదాపు 2,500 రోల్స్ కడగకుండా ఉండిపోయాయి. మనం అంత దూరం వెళ్లక్కర్లేదు, నెల చాలు.

మినహాయింపులు రెండే. డబ్బు తీసుకుని చేసిన పని, ఇంకా ఆ ఫొటోలో ఉన్న మనిషి అడిగిన కాపీ. రెండోదాన్ని నేరుగా ఆ మనిషికే పంపండి, గ్రూపులో వద్దు.

5. ఇంటికి కిలోమీటరు లోపల ఒకే విషయం, రోజుకి 36 ఫ్రేములు

అన్నిట్లోకీ ఇదే ముఖ్యం, ఎక్కువ మంది ఎగ్గొట్టేదీ ఇదే.

నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక చోటో, ఒక మనిషి పనో ఎంచుకోండి. వీధి చివర ఇస్త్రీ బండి, రైతుబజార్‌లో ఆకుకూరల వరస, బస్టాండ్‌లో చివరి ప్లాట్‌ఫాం, మీ వంటింటి కిటికీ. నెలంతా అదే. వారానికి మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి అరగంట. ఒక్కో రోజు 36 ఫ్రేములు దాటొద్దు, ఒక రోల్‌లో ఉండేవి అన్నే కదా. తక్కువైతే ఇంకా మంచిది.

చేసే తీరు ఇలా:

- మొదటి పది నిమిషాలు కెమెరా బ్యాగులోనే. వెలుగు ఎటు నుంచి పడుతోంది, ఎవరు ఎప్పుడు వస్తున్నారు, ఏ చప్పుడు తర్వాత ఏం జరుగుతోంది అని చూస్తూ నిలబడండి.
- ఒకే లెన్స్. 50 ఎంఎం గానీ 35 గానీ. కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్ అయితే జూమ్ ఒకచోట పెట్టి కదపకండి, కావాలంటే మీరే ముందుకీ వెనక్కీ జరగండి.
- తీశాక వెనక స్క్రీన్ చూడకండి. ఆగలేకపోతే దాని మీద కాగితం ముక్క అంటించండి. నేను కరెంటు బిల్లు అంటించాను.
- మనుషులున్నచోట ముందు మాట కలపండి. "రోజూ వస్తాను, తీస్తాను, పర్లేదా అండీ?" అని అడగండి. వద్దంటే వదిలేయండి.
- ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి, ఈరోజు కొత్తగా ఏం కనపడింది అని. ఫొటో బాగా వచ్చిందా లేదా అన్నది రాయొద్దు.

నాలుగైదు రోజులకి విసుగొస్తుంది. "ఇక్కడ ఇంక ఏముంది?" అనిపిస్తుంది. ఆ విసుగు దాటాకే కన్ను తెరుచుకుంటుంది, నన్ను నమ్మండి. ఇస్త్రీ బండి తీసిన ఒకమ్మాయి రెండో వారంలో నోట్‌బుక్‌లో రాసుకుంది: "ఆయన బొగ్గులు ఊదేటప్పుడు ఎడమ కన్ను మూస్తాడు." అంతకుముందు ఆరు రోజులు ఆమె అదే మనిషిని తీసింది, ఆ కన్ను కనపడలేదు.

దూరప్రాంతాల సంగతి కూడా చెప్పాలి. చలికాలంలో పాడేరు దగ్గర వంజంగికి వెళితే తెల్లవారేసరికి కొండ మీద ఎంతమంది ఉంటారో, అంతమంది ఫోన్లలోనూ ఒకే మేఘాల బొమ్మ. వెళ్లొద్దని అనను, ఆ మేఘాలు కళ్లతో చూడాల్సినవే. కానీ అక్కడికి వెళ్లినా ఇదే పద్ధతి పాటించండి. మేఘాల ఫొటో ఒకటి తీసుకుని, వీపు అటు తిప్పి నిలబడండి. దిగే దారిలో ఆగండి. ఆ చుట్టుపక్కల కాఫీ తోటలున్నాయి, నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటాయి, ఆ తోటల్లో పనికి వెళ్లే మనుషులున్నారు.

హెచ్చరిక: ఎక్కువ లైకుల కోసం గూళ్ల దగ్గరికి వెళ్లకండి. పక్షి బెదిరి లేచిపోతే గుడ్లూ పిల్లలూ ఎండకీ కాకులకీ దొరికిపోతాయి. గూడు ఉన్న చోటు వివరాలు పోస్టులో అసలు పెట్టొద్దు. రైలు పట్టాలు, జలపాతం అంచులు, మేడ పిట్టగోడల సంగతి వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాను, అయినా చెబుతున్నాను: వద్దు.

6. ప్రింట్ వేయించండి

రెండో వారం చివర ఒకసారి, నెలాఖరున ఒకసారి. "ఆగాలి" ఫోల్డర్‌లోంచి ప్రింట్ కోసం పది ఫొటోలు తీసుకోవచ్చు, ఈ ఒక్క వెసులుబాటు ఉంది.

ల్యాబ్‌కి వెళ్లేముందు కొన్ని జాగ్రత్తలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైలు చిన్నదైపోతుంది. పెన్ డ్రైవ్‌లో ఇవ్వండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి. ఇన్‌స్టాగ్రామ్ నుంచి దించుకున్న ఫొటో ఇవ్వకండి, అది సాధారణంగా 1080 పిక్సెళ్ల వెడల్పే ఉంటుంది. ఫైలు ఎస్‌ఆర్‌జీబీ (ల్యాబ్‌లు మామూలుగా వాడే రంగుల పద్ధతి) జేపెగ్‌గా సేవ్ చేయండి. ఫోన్ ఫొటో 4:3లో ఉంటుంది, 4×6 కాగితం 3:2. మీరే క్రాప్ చేసి ఇవ్వకపోతే ల్యాబ్ వాళ్లే కోసేస్తారు, అడ్డం ఫొటోల్లో పైనా కిందా తెగి తలలు పోతాయి. స్క్రీన్ వెలుతురు సగానికి తగ్గించి చూసుకోండి, ఎందుకంటే ప్రింట్ ఎప్పుడూ స్క్రీన్ కన్నా కొంచెం ముదురుగా వస్తుంది. "ఆటో కరెక్షన్ వద్దు" అని కౌంటర్‌లో గట్టిగా చెప్పండి.

నా మొదటి నెల విషయం మా వీధి టీ కొట్టు. ప్రింట్ తీసుకెళ్లి ఇచ్చినప్పుడు ఆయన వెంటనే పట్టుకోలేదు. భుజం మీది తువ్వాలుకి రెండు చేతులూ తుడుచుకున్నాడు, వేళ్లు బొమ్మ మీద పడకుండా అంచులు పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. "ఈ వెనకాల ఇత్తడి గిన్నె చూశారా, అది మా అమ్మది. మొన్న అడుగు పోయింది, మాట్లు వేయించడానికిచ్చాను" అన్నాడు. ఆ గిన్నె నా ఫ్రేమ్‌లో ఉన్నట్టు నాకే తెలియదు. దేవుడి పటాల వరసలో, వెంకటేశ్వరస్వామి పక్కన, ప్రింట్ నిలబెట్టాడు.

నేను పదేళ్లుగా పోస్టులు పెడుతున్నాను. నా ఫొటో వెనకాల ఏముందో చూసి చెప్పిన మనిషి అంతవరకూ లేడు.

7. ముగ్గురికి చూపించండి

ఫొటోగ్రాఫర్లే కానక్కర్లేదు. ప్రింట్లు బల్ల మీద పరిచి, "బాగున్నాయా?" అని అడగకండి. మన ఇళ్లలో ఆ ప్రశ్నకి ఒకే జవాబు వస్తుంది. "ముందు మీ చూపు ఎక్కడికెళ్లింది?", "ఇందులో ఏం జరుగుతోంది?", "ఒకటి తీసేయాలంటే ఏది తీసేస్తారు?" అని అడగండి. జవాబు చెబుతున్నప్పుడు మధ్యలో వివరించకండి. ఏం చెప్పారో రాసుకోండి.

8. తిరిగి పోస్ట్ చేయడం

30 రోజులయ్యాక మీకు ఇష్టమైతేనే. వారానికి ఒక రోజు, ఒక టైమ్ పెట్టుకోండి. నెల దాటిన ఫొటోల్లోంచే ఎంచుకోండి. పెట్టేసి యాప్ మూసేయండి, మర్నాటి దాకా తెరవకండి. అడ్డం ఫొటోని అడ్డంగానే పెట్టండి. ఇతరులవి చూడాలంటే హోమ్ పేజీలో ఫాలోయింగ్ ఫీడ్ ఎంచుకోండి, మీరు ఫాలో అయ్యేవాళ్ల పోస్టులే టైమ్ వరసలో వస్తాయి. నచ్చిన ఫొటో దగ్గర "సూపర్ బ్రో" అని వదిలేయకుండా, అందులో మీరేం చూశారో ఒక వాక్యం రాయండి. టీ కొట్టాయన నాకు చెప్పినట్టు.

ఇదే మీ జీవనోపాధి అయితే

పెళ్లి ఫొటోగ్రాఫర్లకి ఇన్‌స్టాగ్రామ్ అంటే కొట్టు ముందు బోర్డు. దాన్ని దించమని ఎవరూ అనలేరు. మీరు ఇలా చేయండి. పని అకౌంటు ఒకటి, మీ సొంతది ఒకటి, రెండూ కలపకండి. పని పోస్టులన్నీ వారంలో ఒకరోజు కూర్చుని మెటా బిజినెస్ సూట్‌లో షెడ్యూల్ చేసేయండి, అది ఉచితమే. పెట్టేముందు పెళ్లివాళ్ల అనుమతి తీసుకోండి.

పెళ్లికూతురు స్క్రీన్‌షాట్ చూపించి "ఇలాంటిదే కావాలి" అంటే వాదించకండి. ముందు అది తీసిచ్చేయండి. ఆ తర్వాతి పది నిమిషాలు మీవి.

అదే రోజు రీల్ కావాలంటే దానికి వేరే మనిషిని పెట్టి, డబ్బు విడిగా మాట్లాడుకోండి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఒకే మనిషి ఫొటోకీ రీల్‌కీ చూసుకుంటే రెండూ చెడతాయి. తలంబ్రాలప్పుడు అందరి కెమెరాలూ జంట మీదే ఉంటాయి. మీ రెండో కెమెరా ఒక్క నిమిషం పక్కకి తిప్పండి. ఒడిలో పడ్డ బియ్యాన్ని ఒక్కో గింజా ఏరి కొంగున కట్టుకునే నాయనమ్మ ఉంటుంది. పదేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఆల్బమ్ తెరిస్తే ఆగేది ఆ పేజీ దగ్గరే.

ఎక్కువమంది చేసే తప్పులు

"బ్రేక్ తీసుకుంటున్నాను" అని పోస్ట్ పెట్టడం. ఆ పోస్టుకి ఎంతమంది "మిస్ యూ" అన్నారో చూడటంతో మొదటి వారం అయిపోతుంది. చెప్పకుండా వెళ్లండి.

కోపంలో అకౌంట్ డిలీట్ చేయడం. 30 రోజులు దాటాక తిరిగి రాదు. పాత ఫొటోలు చూడబుద్ధి కాకపోతే ఆర్కైవ్ చేయండి, ఎప్పుడైనా వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఒక అంకె వదిలి ఇంకో అంకె పట్టుకోవడం. లైకులు మానేసి సలోన్ అనే ఫొటో ప్రదర్శన పోటీల్లో ఎన్ని అక్సెప్టెన్సులు (ఎంపికలు) వచ్చాయి, ఏఎఫ్‌ఐఏపీ అనే అంతర్జాతీయ ఫొటోగ్రఫీ బిరుదుకి ఇంకా ఎన్ని కావాలి అని లెక్కపెట్టేవాళ్లని చాలామందిని చూశాను. పోటీలు మంచివే, వాటి వల్ల నేర్చుకున్నవాళ్లున్నారు. ఈ నెల మాత్రం వాటినీ పక్కన పెట్టండి.

5వ మెట్టు మధ్యలో విషయం మార్చేయడం. విసుగొచ్చిందని ఇస్త్రీ బండి వదిలి పూల కొట్టుకి వెళితే, మళ్లీ మొదటి రోజుకి వచ్చినట్టే.

ఒక జాగ్రత్త. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం వారాల తరబడి ఉంటే అది ఫొటోల సమస్య కాదు. టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ సేవ, ఉచితం, ఏ వేళలోనైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పని చేసిందో లేదో ఎలా చూసుకోవాలి

30వ రోజు ఫోల్డర్ తెరిచి, మొదటి మెట్టులో వేసిన మూడు లెక్కలూ మళ్లీ వేయండి. అడ్డం ఫొటోలు పెరగాలి. మూడో అంకె, అంటే ఎవరూ చూడకపోయినా తీసేవాణ్ణే అనిపించేవి, రెట్టింపైనా కావాలి. కాకపోతే ఎక్కువసార్లు 3వ మెట్టే జారిపోయి ఉంటుంది, ఫోన్ ఎక్కడో మధ్యలో దూరింది. అక్కణ్ణుంచి మళ్లీ మొదలుపెట్టండి.

ఇంకో పరీక్ష: బయటికెళ్లి ఫొటోలు తీసి ఇంటికొచ్చాక, ఆ రోజు చూసినదాన్ని ఫొటోలు చూడకుండా ఇంట్లోవాళ్లకి ఐదు నిమిషాలు చెప్పగలరా? చెప్పగలిగితే అక్కడ మీరు నిజంగా ఉన్నట్టు.

ఆఖరిది, నోట్‌బుక్ చివరి పేజీ. వచ్చే నెల తీయాలనుకునేవి అందులో మీ అంతట మీరే రాసుకుని ఉన్నారేమో చూడండి. నా దాంట్లో ఇప్పుడు మొదటి లైను ఇది: "సంక్రాంతి, టీ కొట్టు. వాళ్లబ్బాయి వస్తాడట. గిన్నె కూడా మాట్లు పడి వచ్చేస్తుంది, దానితో కలిపి తీయమన్నాడు."